బాగు చేసుకుని చెడగొట్టుకున్న కార్లు

పాత స్పోర్ట్స్ కార్ల మార్కెట్‌లో ఒక వింత ఉంది. 1990లలో తయారైన టొయోటా సుప్రాలు రెండు అమ్మకానికి వచ్చాయనుకుందాం. ఒకదానికి యజమాని పెద్ద టర్బో వేయించాడు, గట్టి స్ప్రింగులు బిగించాడు, వెడల్పాటి చక్రాలు తొడిగాడు. కారు ధరలో సగం ఈ సోకులకే పోశాడు. రెండోది కంపెనీ గేటు దాటిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఖర్చు లెక్క చూస్తే మొదటిదానికే ఎక్కువ ధర పలకాలి. పలికేది మాత్రం రెండోదానికి.

మినహాయింపులు లేకపోలేదు. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమాలో కనిపించిన నారింజ రంగు సుప్రాకు ఒళ్లంతా మార్పులే. 2021లో బారెట్-జాక్సన్ వేలంలో అది 5,50,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే అక్కడ కొన్నవాళ్లు డబ్బు పెట్టింది సినిమా మీద. సినిమాలో ఆడని కారుకు ఆ అదృష్టం లేదు.

మార్చిన కారంటే కొనేవాడికి భయం ఉండటంలో వింత లేదు. ఆశ్చర్యం కలిగించేది మార్పులు చేయించుకున్నవాళ్ల సంగతి. ఎంతో ఇష్టపడి పెట్టించుకున్న సైలెన్సర్‌ను ఏడాది తిరక్కుండానే పీకించి, అటక మీది కంపెనీ సైలెన్సర్‌ను దించి మళ్లీ బిగించుకునేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్లకు కార్ల గురించి తెలియదని కాదు. కారులో ఏ భాగమూ ఒంటరిగా పనిచేయదు. ఒక భాగం మారిస్తే మన చెవికీ నడుముకీ తెలిసేది ఒకటి, టైరుకూ రోడ్డుకూ మధ్య జరిగేది ఇంకొకటి. ఈ రెంటి మధ్య దూరమే పశ్చాత్తాపానికి మూలం. ఆ దూరాన్ని భౌతికశాస్త్రంతో కొలవడమే ఈ అధ్యాయం పని.

మియాటా అనే చిన్న బండి

ఉదాహరణకు ఒక కారు కావాలి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా కంపెనీ ఎమ్‌ఎక్స్-5 అనే చిన్న కారును బయటపెట్టింది. అమెరికాలో దాన్ని మియాటా అన్నారు. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను, అమెరికా కార్లలో 116 హార్స్‌పవర్ శక్తి. బరువు టన్నుకు కాస్త తక్కువ. కాగితం మీద చూస్తే పెద్ద గొప్పేమీ కనిపించదు. కానీ 2000 నాటికే అది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2016లో పదిలక్షవ కారు తయారైంది.

ఆ విజయం వెనక తొషిహికో హిరాయ్ నాయకత్వంలో పనిచేసిన ఇంజనీర్ల లెక్కలున్నాయి. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడాలని బ్యాటరీని డిక్కీలోకి జరిపారు. నాలుగు చక్రాలకూ పైనొకటి, కిందొకటి చొప్పున జంట చేతులున్న సస్పెన్షన్ పెట్టారు. సైలెన్సర్ గొంతు ఎలా ఉండాలో కూడా శ్రుతి చేశారు. చక్రాలు 14 అంగుళాలవే, టైర్లు 185/60 కొలత. కొన్నవాళ్లలో చాలామంది కళ్లకు మొదట ఆనింది ఈ చివరి అంకెలే. ఇంత మంచి కారుకు ఇంత బక్క చక్రాలా అనిపించింది. అలా మొదలైంది మార్పుల జాతర.

స్ప్రింగు చెప్పే లెక్క

అందరూ ముందు మార్చేది స్ప్రింగులను. కారు నేలకు దగ్గరవుతుంది, చూడ్డానికి పులి పొంచినట్టు ఉంటుంది, మలుపులో పక్కకు ఒరగదు. పైకి కనిపించే లాభాలివి.

స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే చెప్పాడు. ఆ సూత్రాన్ని కారుకు వర్తింపజేస్తే ఒక ముఖ్యమైన సంఖ్య వస్తుంది: కారును ఒకసారి కిందికి నొక్కి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది అన్నది. దీన్నే సహజ పౌనఃపున్యం అంటారు. కుటుంబాలు తిరిగే కార్లలో ఇది సుమారు 1 నుంచి 1.5 హెర్ట్జ్, స్పోర్ట్స్ కార్లలో 1.5 నుంచి 2. పందెం కార్లలో 3కు పైన కూడా ఉంటుంది. కారు సొంత బరువుకు స్ప్రింగు ఎంత అణుగుతుందో తెలిస్తే ఈ సంఖ్య తెలిసినట్టే. 1 హెర్ట్జ్ కావాలంటే 25 సెంటీమీటర్లు అణగాలి. 2 హెర్ట్జ్‌కు 6 సెంటీమీటర్ల పైచిలుకు చాలు. 3 హెర్ట్జ్ దగ్గర అది మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు.

గట్టి స్ప్రింగు వేస్తే ఏమవుతుంది? స్ప్రింగు మీద కూర్చున్న ఏ వస్తువైనా తన సహజ పౌనఃపున్యానికి సుమారు 1.4 రెట్లు దాటిన కుదుపులను మాత్రమే వడగట్టగలదు. అంతకన్నా నెమ్మదైన వాటిని పైకి పంపుతుంది, కొన్నిటిని పెంచి మరీ పంపుతుంది. 1.2 హెర్ట్జ్ కారు 1.7 హెర్ట్జ్ పైనున్న కుదుపులన్నిటినీ తగ్గిస్తుంది. 3 హెర్ట్జ్ కారులో ఆ వడపోత 4.2 దగ్గర గానీ మొదలుకాదు. మనిషి శరీరం నిలువు కుదుపులకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య. పొట్టలోని అవయవాలు, వెన్ను ఊగిపోయే ప్రాంతం అది. గట్టి స్ప్రింగు సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే కాపలా ఎత్తేస్తుంది. షోరూమ్ లాంటి నున్నటి రోడ్డు మీద మొదటిరోజు హుషారుగా అనిపించిన కారు, రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో నడుముకు శత్రువయ్యేది ఇందుకే.

రెండో దెబ్బ షాక్ అబ్జార్బర్ల నుంచి వస్తుంది. ఊపును అణచడం వాటి పని. ఎంత అణచాలన్నది స్ప్రింగు గట్టితనం మీద, దాని వర్గమూలం చొప్పున ఆధారపడుతుంది. స్ప్రింగును రెండింతలు గట్టి చేసి పాత షాక్‌లనే ఉంచితే, అణచివేత నిష్పత్తి అంతకుముందున్న దానిలో 70 శాతానికి పడిపోతుంది. అప్పుడు కారు గట్టిగానూ ఉంటుంది, గంతులూ వేస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి షెడ్డులో స్ప్రింగు చుట్లు కోయించుకునేవాళ్లకు కూడా ఇదే గతి. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తే మిగిలింది పొట్టిదవడమే కాదు, 20 శాతం గట్టిదవుతుంది.

మూడోది చాలామందికి తట్టని సంగతి. 1930లలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు రోల్స్-రాయిస్ వదిలి జనరల్ మోటార్స్‌లో చేరి, కారు మీద బరువులు అటూ ఇటూ జరుపుతూ ప్రయాణ సుఖం గురించి ప్రయోగాలు చేశాడు. ఆయన తేల్చింది ఇది: ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా నెమ్మదిగా ఊగేలా ఉండాలి. కారణం తేలికైనదే. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది. మియాటా ఇరుసుల మధ్య దూరం 2,265 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రానికి ఆ గతుకు తగలడానికి 0.136 సెకను ఆలస్యం. వెనకభాగం కాస్త వేగంగా ఊగితే ఆ ఆలస్యాన్ని పూడ్చుకుని ముందుభాగాన్ని కలుసుకుంటుంది. కారంతా ఒక్కటిగా పైకి లేచి కిందికి దిగుతుంది. ముందు స్ప్రింగులను వెనకవాటికన్నా మరీ గట్టివి వేస్తే ఈ పొందిక చెడుతుంది, ముక్కూ తోకా వంతులవారీగా ఎగురుతాయి. యజమాని రోడ్డును తిడతాడు. తప్పు స్ప్రింగుల జతది.

కిందికి దించితే

గురుత్వకేంద్రం కిందికి దిగితే కారు ఒరగడం తగ్గాలి కదా? తగ్గాలి, మిగతావన్నీ ఉన్నచోటే ఉంటే. మలుపులో కారు ఒంటి బరువు ఒక ఊహాకేంద్రం చుట్టూ ఒరుగుతుంది. దాన్ని రోల్ సెంటర్ అంటారు. గురుత్వకేంద్రానికీ దానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఒరిగించే బలానికి అంత పొడవైన మీట దొరికినట్టు.

సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ వంటి కార్ల ముందుభాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. చక్రాన్ని కింద ఒక చెయ్యి పట్టుకుంటే, పైన షాక్ అబ్జార్బరే ఆధారం. ఇలాంటి కారును 40 మిల్లీమీటర్లు దించితే గురుత్వకేంద్రం దాదాపు అంతే దిగుతుంది. కానీ కింది చెయ్యి చక్రం వైపు పైకి లేవడంతో రోల్ సెంటర్ అంతకన్నా చాలా ఎక్కువగా, ఒక్కోసారి నేల కిందికే జారిపోతుంది. మీట పొడవు పెరుగుతుంది. తగ్గాల్సిన ఒరుగుడు పెరుగుతుంది. దాన్ని ఆపడానికి మరింత గట్టి స్ప్రింగులు కావలసివస్తాయి. స్టీరింగ్ కడ్డీల కోణం కూడా మారుతుంది కాబట్టి, గతుకు ఎక్కినప్పుడల్లా చక్రం తనంతట తాను కాస్త పక్కకు తిరుగుతుంది.

మియాటా జంటచేతుల సస్పెన్షన్‌కు ఈ బాధ తక్కువ. దానికి ఇంకో బాధ ఉంది. మొదటి తరం మియాటాలో చక్రం పైకి కదలడానికి ఉన్న చోటే తక్కువ. ఆ చోటు చివర ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. కారును బాగా దించితే ఆ దిమ్మ మీదే నడుస్తున్నట్టు లెక్క. మలుపు మధ్యలో గతుకు వస్తే చక్రం దిమ్మకు గుద్దుకుంటుంది. ఆ మూలన గట్టితనం క్షణంలో ఎన్నో రెట్లవుతుంది, టైరు పట్టు చటుక్కున వదిలేస్తుంది. మామూలు ఎత్తులో ఉన్నప్పుడు ముందుగా హెచ్చరించి జారే కారు, ఇప్పుడు చెప్పాపెట్టకుండా జారుతుంది.

పెద్ద చక్రాల చిన్న పికప్

ఇక చక్రాల సంగతి. మియాటా 185/60 ఆర్14 టైరు పక్కగోడ ఎత్తు 111 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 578. దాని స్థానంలో చాలామంది ముచ్చటపడి వేయించుకున్న 205/40 ఆర్17 కొలత తీసుకోండి. పక్కగోడ 82కు తగ్గింది, వ్యాసం 596కు పెరిగింది. వ్యాసం 3 శాతం పెరిగిందంటే ప్రతి గేరూ 3 శాతం పొడుగైనట్టే. 116 హార్స్‌పవర్ ఇంజనుకు అది చిన్న సంగతేం కాదు. చక్రం పెద్దదైంది, పికప్ తగ్గింది. స్పీడోమీటరు మాత్రం అసలు వేగం కన్నా తక్కువ చూపించడం మొదలుపెట్టింది.

బరువు ఇంకో సమస్య. చవకరకం 17 అంగుళాల చక్రం కంపెనీ 14 అంగుళాల అల్లాయ్ కన్నా నాలుగు కిలోలు ఎక్కువ తూగిందనుకుందాం. చక్రం ముందుకూ పోవాలి, గిర్రునా తిరగాలి. బరువంతా అంచున ఉన్న చక్రాన్ని వేగం అందుకునేలా చేయడానికి దాని బరువుకు రెట్టింపు బరువును తోసినంత శ్రమ పడుతుంది. నాలుగు చక్రాలకూ కలిపి సుమారు ముప్ఫై కిలోల మూట డిక్కీలో వేసుకున్నట్టు. ఇది వేగం మాట. రోడ్డు పట్టు విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. చక్రం, టైరు, బ్రేకు స్ప్రింగుకు కిందివైపు ఉండే సామాను. అవి ఎంత తేలికగా ఉంటే గతుకును అంత చురుగ్గా అనుసరిస్తాయి. బరువెక్కిన కొద్దీ గతుకు మీద ఎగిరి, కిందికి రావడానికి ఆలస్యం చేస్తాయి. గాలిలో ఉన్న టైరుకు పట్టు సున్నా.

పొట్టి పక్కగోడ గురించి వేరే చెప్పక్కర్లేదు. గుంటలో పడితే ఆ దెబ్బను మింగాల్సిన రబ్బరూ గాలీ తగ్గిపోయాయి కాబట్టి రిమ్ము వంగుతుంది. మియాటాతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాళ్లు చివరికి చేరే కొలత 195/50 ఆర్15. దాని వ్యాసం 576 మిల్లీమీటర్లు, అంటే కంపెనీ కొలతకు రెండు మిల్లీమీటర్ల తేడా!

మోత, గాలి, పొగ

నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు పేలుతాయి. 3,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 50 చుట్లు, 100 పేలుళ్లు. సైలెన్సర్ గొట్టం లోంచి వచ్చే ప్రధాన స్వరం 100 హెర్ట్జ్. గాలిలో ఆ శబ్దపు సగం తరంగం పొడవు 1.7 మీటర్లు. కారు లోపలి కొలతలు దాదాపు ఆ స్థాయిలోవే. అందుకే ఒకానొక వేగం దగ్గర కారు లోపలి గాలి మొత్తం మృదంగంలా మోగడం మొదలెడుతుంది. మియాటాలో టాప్ గేరులో 3,000 దాటిందంటే హైవే వేగమే. గంటల తరబడి నడిపేది కూడా అక్కడే. వీ8 ఇంజనున్న ఫోర్డ్ మస్టాంగ్‌లో చుట్టుకు నాలుగు పేలుళ్లు, 1,800 ఆర్‌పీఎంకే 120 హెర్ట్జ్. డాలస్‌లోనో అట్లాంటాలోనో మొదటి ఉద్యోగపు జీతంతో మస్టాంగ్ కొని, మొదటి బోనసుతో సైలెన్సర్ మార్పించిన మన కుర్రాళ్లకు ఈ భౌతికశాస్త్రం తొలి లాంగ్ డ్రైవ్‌లోనే బోధపడుతుంది. పక్క సీట్లో భార్య ఉంటే ఇంకా ముందే.

కంపెనీ ఇంజనీర్లు ఈ హోరును గొట్టానికి పక్కన ఒక మూసిన కొమ్మ తగిలించి చంపగలరు. ఆ కొమ్మ పొడవు తరంగంలో పావు వంతుంటే, లోపలికెళ్లి తిరిగొచ్చిన తరంగం ఎదురుగా వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. వేడి పొగలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 హెర్ట్జ్‌కు 1.2 మీటర్ల కొమ్మ కావాలి. బజారు సైలెన్సర్లో అంత లెక్క ఉండటం తక్కువ. పైగా వెడల్పు గొట్టం వేస్తే శక్తి పెరుగుతుందన్నది సగం నిజమే. ఒక సిలిండరు పొగ విసురుగా పోతూ వెనక కొంత శూన్యాన్ని వదులుతుంది, అది తర్వాతి సిలిండరు పొగను బయటికి లాగుతుంది. గొట్టం మరీ వెడల్పైతే పొగ విసురు తగ్గి, ట్రాఫిక్‌లో మనకు కావలసిన తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు పోతుంది.

ఇంజను గాలి పీల్చే వైపు కూడా ఇదే కథ. కంపెనీ ఫిల్టరు డబ్బా తీసేసి బోనెట్ కింద బాహాటంగా ఒక శంకువు ఆకారపు ఫిల్టరు పెడితే గర్జన బాగానే వస్తుంది. కానీ అక్కడి గాలి వేడిది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలిలో ఆక్సిజన్ 9 శాతం తక్కువ. ఆ నష్టాన్ని ఫిల్టరు పూడ్చడం కష్టం. నూనె పూసిన ఫిల్టరైతే ఆ తుంపర గాలిని కొలిచే సెన్సరు తీగ మీద పేరుకుని కొలతనే చెడగొడుతుంది. చల్లగాలి కోసం గొట్టాన్ని బంపరు కిందికి దించినవాళ్లకు వానాకాలం ఉంది. హైదరాబాద్‌లో ఒక గంట గట్టి వాన పడితే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ గొట్టం నీళ్లు పీలిస్తే పిస్టను పైకొచ్చి రాతిని గుద్దినట్టు ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఫిల్టరు ఖర్చు వేలల్లో, ఇంజను ఖర్చు లక్షల్లో.

కంప్యూటరుతో చెలగాటం

టర్బో కారులో లాప్‌టాప్ తగిలించి, ప్రోగ్రామ్ మార్చి అరగంటలో శక్తి పెంచేయొచ్చు. ఈ లాభం నిజమైనదే. కంపెనీ వాడుకోకుండా వదిలేసిన శక్తి అది. ఎందుకు వదిలేసింది? నాసి పెట్రోలు, ఎండాకాలపు వేడి, కొండదారి, పాతబడిన స్పార్క్ ప్లగ్ అన్నీ ఒకేరోజు కలిసొస్తే తట్టుకోవడానికి. సిలిండర్లో మంట ప్లగ్ దగ్గర మొదలై పద్ధతిగా పాకాలి. ఒత్తిడీ వేడీ మితిమీరితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం దానంతట అదే భగ్గుమంటుంది. దీన్ని నాకింగ్ అంటారు. సుత్తితో కొట్టినట్టుండే ఆ తాకిడికి పిస్టను రింగుల మధ్య గట్లు పగులుతాయి. మంచి పెట్రోలును లెక్కలో పెట్టుకుని రాసిన ప్రోగ్రామ్, ఏ ఊరి చివరి బంకులోనో పోయించుకున్న పెట్రోలుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ లెక్క అప్పగిస్తుంది.

యాక్సిలరేటర్ వదలగానే ‘ప్స్‌స్’ మని గాలి బయటికి వదిలే వాల్వు కోసం కూడా చాలామంది డబ్బు పోస్తారు. ఆ గాలిని కారు కంప్యూటరు అప్పటికే కొలిచి, తగిన పెట్రోలు సిద్ధం చేసి ఉంటుంది. గాలి బజారు పాలైతే పెట్రోలు మాత్రం లోపలికి వెళ్తుంది. గేరు మార్చినప్పుడల్లా ఇంజను తడబడి నల్లపొగ కక్కుతుంది. కంపెనీ వాల్వు ఆ గాలిని మళ్లీ లోపలికే పంపుతుంది, చప్పుడు చేయదు. దాని లోపమల్లా అదే.

చట్టం కూడా ఇప్పుడు లాప్‌టాప్ దాకా వచ్చింది. కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి పొగ పరీక్షలో కారు కంప్యూటరు ప్రోగ్రామ్‌ను మార్చారేమో కూడా చూస్తున్నారు. అనుమతి లేని ప్రోగ్రామ్ ఉంటే పొగ శుభ్రంగా ఉన్నా కారు తప్పినట్టే. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో చేర్చిన సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అంటోంది. ఎన్ని సోకులో అన్ని ఐదువేలు.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఇంతవరకు చెప్పినవి జేబుకూ నడుముకూ తగిలేవి. కొన్ని మార్పుల పశ్చాత్తాపానికి వ్యవధి కూడా ఉండదు.

పందెం కారులో డ్రైవరు ఐదారు పట్టీలతో సీటుకు కట్టుకుని ఉంటాడు, చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం, తలకు హెల్మెట్. ఈ మూడూ కలిసి ఒకే ఏర్పాటు. రోజూ తిరిగే కారులో పంజరం మాత్రం పెట్టించుకుంటే, హెల్మెట్ లేని తల చిన్న గుద్దుకే ఆ గొట్టాలను తాకుతుంది. పట్టీలు మాత్రం పెట్టించుకుంటే, కారు బోల్తాపడి పైకప్పు అణిగినప్పుడు మామూలు బెల్టులో పక్కకు ఒరిగే మనిషి ఇక్కడ నిటారుగా ఇరుక్కుపోతాడు. కాళ్ల మధ్య పట్టీ లేని నాలుగు పట్టీల రకమైతే, ఎదురుదెబ్బకు ఒళ్లు కిందికి జారి నడుము పట్టీ పొట్టలోకి దిగుతుంది. చిన్న స్టీరింగ్ కోసం ఎయిర్‌బ్యాగ్ తీసేయించుకునేవాళ్లు కూడా ఈ కోవలోవాళ్లే.

చిల్లులు పొడిచిన బ్రేకు డిస్కులది ఇంకో తమాషా. టన్ను బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మోసే శక్తి సుమారు 386 కిలోజౌళ్లు. బ్రేకు పని దాన్నంతా వేడిగా మార్చి మింగడం. వేడిని దాచుకోవడానికి లోహం కావాలి. చిల్లు పొడిస్తే లోహం తగ్గుతుంది. పైగా లాగుడుకు గురైన పలకలో గుండ్రటి చిల్లు ఉంటే దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని జర్మన్ ఇంజనీరు ఎర్న్‌స్ట్ గుస్తాఫ్ కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. డిస్కు ఎర్రగా కాగి చల్లారిన ప్రతిసారీ పగుళ్లు మొదలయ్యేది ఆ అంచుల్లోనే. ఇక కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి తేల్చేది టైరు. మామూలు డిస్కు కూడా చక్రాన్ని బిగదీసి ఆపగలిగినప్పుడు, దానికన్నా పెద్ద డిస్కు వేసినంత మాత్రాన మొదటి బ్రేకుకు దూరం తగ్గదు. ముందువైపే పెద్ద బ్రేకులు వేయిస్తే ముందూ వెనకల పొత్తు చెడి పెరిగినా పెరగొచ్చు.

వెనక రెక్క సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. గాలి ఒత్తిడి వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. 200 కిలోమీటర్ల వేగంలో వంద కిలోల బరువుతో కారును అణిచే రెక్క, 50 దగ్గర అణిచేది ఆరు కిలోలు. 1980లలో ఎందరో మామూలు పోర్షా 911 కార్లకు టర్బో రకం వెనక రెక్కలు, వెడల్పు ఫెండర్లు అతికించుకున్నారు. ఇప్పుడు అవే కార్లకు అసలు ఫెండర్లు వెతికి, వెల్డింగు విప్పి, మొదటి రూపానికి తేవడానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతోంది. బోల్టుతో బిగించినది విప్పొచ్చు, రంపంతో కోసినది అతకదు.

ఎందుకు మోసపోతాం

ఇంజనీర్లు కొలిచి కట్టినదాన్ని మనం చెవితో, కంటితో, నడుముతో సరిదిద్దబోతాం. ఇంద్రియాలకు వాటి పరిమితులున్నాయి. బరువులో తేడా తెలియాలంటే అది అసలు బరువులో కొంత నిష్పత్తికి మించి ఉండాలని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ ప్రయోగాలతో చూపించాడు. మిగతా ఇంద్రియాలదీ అదే తంతు. 116 హార్స్‌పవర్ కారులో మూడు హార్స్‌పవర్ పెరిగితే అది రెండున్నర శాతం. ఒంటికి తెలియడం కష్టం. కానీ మోత రెట్టింపైతే తెలుస్తుంది, కుదుపు పెరిగితే తెలుస్తుంది. మెదడు ఆ మోతనూ కుదుపునూ వేగం ఖాతాలో రాసేసుకుంటుంది. పెడల్ బూస్టర్ అనే చిన్న పెట్టె బతికేది దీని మీదే. పెడల్ సగం తొక్కితే ముప్పాతిక తొక్కినట్టు ఇంజనుకు చెప్పడమే అది చేసే పని. పూర్తిగా తొక్కినప్పుడు పాత శక్తే. మొదటివారం కారు దూకుతున్నట్టుంటుంది, రెండోవారం ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలించడం గండమవుతుంది.

మరి మార్చి సుఖపడ్డవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్లు మార్చినవి చూపుకు ఆనవు. మంచి టైర్లు అందులో మొదటివి, ఎందుకంటే కారు చేసే ప్రతి పనీ నాలుగు అరచేతులంత రబ్బరు మీదుగానే జరగాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఆ తర్వాత బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పాత ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది. కొత్త ఆయిల్ ఖరీదు సైలెన్సర్ ఖరీదులో ఒక మూలకు కూడా రాదు. వీటికి తోడు ట్రాక్ మీద ఒక గురువు పక్కన కూర్చుని నేర్పే పాఠాలు. అంతకు మించి ఏదైనా మార్చాలనిపిస్తే ఏ కొలత మెరుగవ్వాలో ముందు కాగితం మీద రాసుకోవాలి. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక మళ్లీ కొలవాలి. తీసిన కంపెనీ సామానును పారేయకూడదు.

మాజ్డా ఇంజనీర్లు తమ కారును తామే మార్చుకున్న తీరు ఈ సందర్భంలో చూడదగ్గది. 2005లో వచ్చిన మూడో తరం ఎమ్‌ఎక్స్-5లో లోపలి అద్దాన్ని 84 గ్రాములు తేలిక చేశామని వాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. ఆ తరంలో చక్రానికి ఐదు నట్లుండేవి. పదేళ్ల తర్వాత నాలుగో తరం వచ్చింది. పాతికేళ్ల అనుభవమూ, సూపర్ కంప్యూటర్లూ చేతిలో ఉండగా వాళ్లు చక్రం దగ్గర చేసిన ఒక మార్పు ఇది: ప్రతి చక్రానికీ ఒక నట్టు తీసేసి నాలుగే ఉంచారు. దాన్ని పార్కింగ్‌లో చూసి ఆగేవాళ్లు ఎవరూ లేరు. మలుపులో మాత్రం టైరు గుర్తిస్తుంది.